నొక్కితే నీరసించే బండి

ఫిల్మ్‌నగర్ రోడ్డు మీద షాట్ మధ్యలో ఎర్రబండి, ఆ విదేశీ కారు, చతికిలబడ్డ దగ్గర పోయిన వారం కథ ఆగింది. స్టీరింగు ముందున్నది త్రినాథరావు. భయమంటే ఏమిటో తెలియని డ్రైవరని ఇండస్ట్రీ అంతా చెప్పుకునే మనిషి. ఎదురుగా గొయ్యీ లేదు, అడ్డమూ లేదు. అయినా దూసుకుపోవాల్సిన బండి ఉన్నట్టుండి ఊపిరి వదిలేసి సైకిల్‌వాడు దాటిపోయేంత నెమ్మదిగా నడిచింది. యూనిట్ అంతా పగలబడి నవ్వింది. ప్రొడక్షన్ వ్యాను పక్కన నిలబడి టీ తాగుతున్న దేవకుమార్ ఒక్కడే నవ్వలేదు. 

ఎలా నవ్వుతాడు? ఏడేళ్ళ కిందట ఆ బండే, ఆ సీటే. అప్పుడు దేవకుమార్ పేరు మోసిన స్టంట్ డ్రైవర్. షేక్‌పేట అవతల రాళ్ళ క్వారీలో కందకం మీంచి బండి దూకించాలి. రెండుసార్లు ఖాళీగా పరుగెత్తించి చూసుకున్నాడు, బాగానే ఉంది. తీరా కెమెరా తిరిగాక కందకం అంచుకు వచ్చేసరికి వేగం చాలలేదు. ముక్కు అవతలి గట్టుకు కొట్టుకుని, బండి పక్కకు దొర్లి, లైట్ల స్టాండు మీద పడింది. స్టాండు పట్టుకుని ఉన్నది లైట్‌మన్ శాంతరాజు, దేవకుమార్ భార్య ఫిలోమినాకి ఒక్కగానొక్క తమ్ముడు. అతని కుడికాలు మోకాలి దగ్గర్నుంచి పోయింది.

దేవకుమార్ భయపడి యాక్సిలరేటర్ మీంచి కాలు ఎత్తేశాడని ఫైట్ మాస్టర్ అక్కడికక్కడే అనేశాడు. సాయంత్రానికి ఆ మాట కృష్ణానగర్ టీకొట్లన్నీ చుట్టేసి యూసుఫ్‌గూడలో అతని ఇంటి గుమ్మం దాకా వచ్చింది. ఆ తర్వాత స్టంటుకి పిలిచినవాడు లేడు. ఇప్పుడు వ్యాన్ తోలుతున్నాడు, జూనియర్ ఆర్టిస్టులకి టిఫిన్లు మోస్తున్నాడు.

లోకం అన్నది సరే, లోకానికేం, నాలుక ఊరికే వచ్చింది. అసలు బాధ వేరే ఉంది. కాలు ఎత్తానో లేదో దేవకుమార్‌కే తెలియదు. నొక్కినట్టే గుర్తు. కానీ ఆ క్షణం తలచుకున్నప్పుడల్లా మనసు ఒక్కో రకంగా చెప్పేది. కొన్ని రాత్రులు పాదం పెడల్‌ని నేలకు అదిమి ఉన్నట్టు కనిపించేది, కొన్ని రాత్రులు గాల్లోకి లేచినట్టు కనిపించేది. తన కాలు మీద తనకే నమ్మకం పోతే ఆ మనిషి పరిస్థితి ఏమిటో అనుభవించినవాడికే తెలుస్తుంది.

ఇంట్లో ఫిలోమినా పల్లెత్తు మాట అనలేదు. అంటే బాగుండేదని అతనికి ఎన్నోసార్లు అనిపించింది. ఆదివారం చర్చిలో పూజకి సిటీ బస్సులో వెళ్ళేది తప్ప, భర్త తోలే బండి మాత్రం ఆ రోజు నుంచి ఎక్కలేదు. చిత్రమేమిటంటే అతన్ని నమ్మినవాడు ఒక్కడే, కాలు పోగొట్టుకున్నవాడు. "మా బావ కాలు ఎత్తడు, ఎత్తలేదు, బండిలోనే ఏదో ఉంది" అని శాంతరాజు చంకల్లో కర్రలు పెట్టుకుని ఊరంతా చెప్పేవాడు. జాలిపడి విన్నారు గానీ ఎవరూ చెవిన పెట్టలేదు.

త్రినాథరావు చేతిలో బండి అలాగే నీరసించిందని తెలియగానే కదిలింది జగదాంబగారు. ఎర్రబండి ఆమెదే. ఇన్నేళ్ళూ షెడ్డులో తాళం వేసి ఉంచి, ఈ షూటింగుకే బయటికి తియ్యనిచ్చింది. ఆమె భర్త పట్టాభిరామయ్య ఏడేళ్ళ కిందటి ఆ సినిమాకి నిర్మాత. ఆయన పోయాక కంపెనీని తనే నడుపుతూ జూబ్లీహిల్స్‌లో ఉంటోంది. దేవకుమార్‌ని పిలిపించి తాళాలు చేతిలో పెట్టింది. జబ్బేమిటో తేల్చుకుని రమ్మంది. అది బండి తప్పని తేలితే ఎవరి ముందు చెప్పాలో వాళ్ళందరి ముందూ తనే చెబుతానంది.

అదీ ఇంతవరకూ జరిగింది.

రహమత్ నగర్‌లో పోచయ్య షెడ్డు ముందు ఎర్రబండి దిగగానే సగం బస్తీ మూగింది. పోచయ్యకి మెకానిక్ పనిలో చేయి మంచిదే గాని నోరు అంతకన్నా చురుకు. బండి బానెట్ తెరవకముందే జబ్బు చెప్పేస్తాడు. మొదటిరోజు పెట్రోల్ ఫిల్టర్ అన్నాడు, మార్చాడు. తర్వాత ప్లగ్గులన్నాడు, అవీ మార్చాడు. ఆ తర్వాత పెట్రోల్ పంపే మోటారు మీద పడ్డాడు. ఏది మార్చినా షెడ్డులో నిలబెట్టి స్టార్ట్ చేస్తే ఇంజన్ చక్కగా పాడేది. రోడ్డెక్కితే ఒకసారి బాగుండేది, ఒకసారి చచ్చిపోయేది. మళ్ళీ తాళం తిప్పి ఆపి కాసేపాగి స్టార్ట్ చేస్తే ఏమీ ఎరగనట్టు పరుగు తీసేది.

మద్రాసులో విదేశీ బండ్లు బాగుచేసే ఒకాయన ఫోన్లో సంగతి విడమరిచి చెప్పాడు. ఈ బండి సీటు కింద ఒక కంప్యూటర్ పెట్టె ఉంటుంది. ఇంజన్‌లో ఎక్కడేం జరుగుతోందో వైర్ల మీదుగా దానికి కబురు అందుతూ ఉంటుంది. ఏ కబురైనా తేడాగా అందితే, ఇంజన్ ఎక్కడ పాడవుతుందో అని ఆ పెట్టె జోరు తగ్గించేస్తుంది. ఎంత తొక్కినా ఇల్లు చేరేంత వేగమే ఇస్తుంది. ఏ వైరులో తేడా ఉందో పట్టుకోవాలంటే అది చెడిపోయిన క్షణంలోనే చూడాలి, బాగున్నప్పుడు చూస్తే లాభం లేదన్నాడు.

పోచయ్యకి ఆ మాట నచ్చలేదు. పెట్టెలూ కబుర్లూ అన్నీ పెద్దోళ్ళ ముచ్చట్లని కొట్టిపారేశాడు. చెక్‌పోస్ట్ నుంచి జూబ్లీహిల్స్‌కి ఎక్కే రోడ్డు మీదే బండి ఎక్కువసార్లు చచ్చింది, షేక్‌పేట వైపు దిగేటప్పుడు ఒక్కసారి కూడా చావలేదు, కాబట్టి ఎత్తు ఎక్కేటప్పుడు పెట్రోల్ అందడం లేదని తేల్చేశాడు.

దేవకుమార్‌కి అది అతకలేదు. త్రినాథరావు చేతిలో చచ్చింది చదును రోడ్డు మీద. క్వారీలోనూ చదునే. పొద్దున్నే ఆ ఎత్తు మీదికి మళ్ళీ బండి తీశాడు. ఈసారి పాదం సగమే నొక్కి ఎక్కించాడు. మొరాయించకుండా ఎక్కింది. దించి, మళ్ళీ సగమే నొక్కి ఎక్కించాడు. ఎక్కింది. మూడోసారి పెడల్‌ని నేలకు తొక్కేశాడు. అర ఫర్లాంగు కూడా పోకముందే మీటర్ల మధ్య పసుపు దీపం వెలిగింది, బండి కాళ్ళీడ్చింది.

రోడ్డు పక్కన ఆపి స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఎత్తు కాదు, ప్లగ్గులు కాదు, పెట్రోల్ కాదు. పూర్తిగా నొక్కితేనే నీరసిస్తోంది. అంటే కాలు ఎత్తినవాడి కింద ఈ బండి చావదు. అదిమి తొక్కినవాడి కిందే చస్తుంది. ఆ మాట మనసులో స్పష్టంగా అనుకోగానే, ఇన్నేళ్ళ తర్వాత తన పాదం వైపు వంగి చూసుకున్నాడు. చెప్పు లోపల ఆ పాదం ఎప్పటిలాగే ఉంది, పాపం.

షెడ్డుకి వచ్చి పోచయ్యకి ఒకటే మాట చెప్పాడు. గట్టిగా తొక్కినప్పుడు ఇంజన్ తన రబ్బరు దిమ్మల మీద పక్కకు ఒరుగుతుంది. అలా ఒరిగినప్పుడు ఏదో ఒకటి దేనికో తగులుతోంది. అది నిలబెట్టిన బండిలో కనిపించదు. గేరులో వేసి, బ్రేకు బిగించి, క్లచ్ కొద్దిగా వదిలి తొక్కితే ఇక్కడే ఒరుగుతుంది, నువ్వు చూడు అన్నాడు. చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టారు. పోచయ్య గొణుక్కుంటూనే బానెట్ కింద తల పెట్టాడు.

దేవకుమార్ తొక్కాడు. బండి అంతా అదిరింది, ఇంజన్ ఒక వైపుకి లేచింది. పసుపు దీపం వెలిగింది.

"ఆపన్నా, జర ఆపు" అన్నాడు పోచయ్య. అతని గొంతులో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు. "గీడ, ఎనుక గోడకాడ వైర్ల కట్ట ఉంది సూడు. నువ్వు తొక్కినప్పుడల్లా గది బాడీకి పోయి తాకుతుంది. లోపల ఏందో మెరిసింది."

దేవకుమార్ దిగి వచ్చాడు. ఇంజన్ వెనక, చేయి దూరడమే కష్టమైన చోట, నల్ల టేపు చుట్టిన వైర్ల కట్ట ఉంది. ఆనాడు దొర్లిన బండికి డెంటింగ్ చేసినవాళ్ళు కనిపించినదాని మీదల్లా టేపు చుట్టేసి పోయారు. పోచయ్య బ్లేడుతో టేపు కోశాడు. లోపల రాగి తీగ మెలికలు తిరిగి ఉంది. బిగించి కట్టిన ఆ తీగ, ఇంజన్ వేడికీ అదురుకీ, మొదటి పరుగుల్లోనే వైరు పైతొడుగుని కోసేసింది. టేపు కిందినుంచి బయటికి వచ్చిన తీగ చివర ఒక చిన్న లోహపు బిళ్ళ వేలాడుతోంది. ఇంజన్ ఒరిగినప్పుడల్లా ఆ బిళ్ళ పోయి బండి బాడీకి తగులుతుంది. తగలగానే వైరులో కబురు తప్పుతుంది, పెట్టె జోరు తగ్గిస్తుంది. అంతే సంగతి. ఇంత చిన్నది.

"ఎవరో దిష్టికని కట్టిండ్రన్నా. సినిమావాళ్ళు గిసొంటివన్నీ చేస్తరు" అన్నాడు పోచయ్య, తీగ విప్పి బిళ్ళని గుడ్డతో తుడుస్తూ. "గీ బిళ్ళ నీ బతుకు ఆగం చేసింది సూడు."

చేతిలో పడ్డ బిళ్ళని దేవకుమార్ వెలుతురులో పట్టుకున్నాడు. అరిగిపోయిన మేరీమాత ముఖం. పైన తగిలించే చెవి దగ్గర టాకా వేసిన గుర్తు. ఆ టాకా వేయించింది తనే. పెళ్ళైన కొత్తలో ఇద్దరూ గుణదల తిరునాళ్ళకి వెళ్ళినప్పుడు ఫిలోమినా మెడలో వేసిన పతకం అది. చెవి విరిగితే యూసుఫ్‌గూడలో కంసాలి దగ్గరికి తనే తీసుకెళ్ళాడు. ఆ తర్వాత కొన్నాళ్ళకి మెడలో కనిపించకపోతే అడిగాడు. చర్చిలో జనం మధ్య ఎక్కడో జారిపోయిందని చెప్పింది.

స్టంటుకు ముందు ఇంజన్ మీద చేయి వెయ్యనిచ్చేవాడు కాదు దేవకుమార్. నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టబోయిన ప్రొడక్షన్ వాళ్ళని తిట్టి తరిమేవాడు. ముహూర్తం కొబ్బరికాయ నేలమీద కొట్టుకోండి, నా బండి జోలికి రావద్దనేవాడు. అందుకే ఆవిడ చెప్పకుండా పెట్టింది. అతను క్షేమంగా ఇంటికి రావాలని తన మెడలోది తీసి పెట్టింది.

ముందుగా సంతోషమే వచ్చింది, దాన్నెందుకు దాచాలి? నేను ఎత్తలేదు, నేను ఎత్తలేదు అని లోపల ఒకటే మోత. వైరుకి కొత్త టేపు చుట్టించి బండి బయటికి తీశాడు. చెక్‌పోస్ట్ దాటగానే పెడల్‌ని నేలకు అదిమాడు. బండి గర్జించి ఎత్తు ఎక్కింది, మలుపు తిరిగింది, మళ్ళీ ఎక్కింది. దీపం వెలగలేదు. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతుంటే తుడుచుకోలేదు. రెండో మలుపు దగ్గర ఆ నీళ్ళు వేరే నీళ్ళయ్యాయి. తను నిర్దోషినని నలుగురికీ చెప్పాలంటే జేబులో ఉన్నది బయటికి తియ్యాలి. తీస్తే ఫిలోమినా ఏమైపోతుంది? తమ్ముడి కాలు తన మెడలోని పతకం వల్ల పోయిందని తెలిశాక ఆవిడ అన్నం ముద్ద నోట్లో పెట్టుకోగలదా?

జగదాంబగారి ఇంటి పోర్టికోలో బండి ఆపేసరికి ఒక నిశ్చయానికి వచ్చేశాడు. వైరు ఒరిసిపోయిందని చెబుతాడు. అబద్ధం కాదు కదా. ఒరిపింది ఏమిటో చెప్పడు. ఆ బిళ్ళ ఎవరిదో పోచయ్యకి కూడా తెలియదు.

ఆమె ముందుగదిలో ఒంటరిగా కూర్చుని ఉంది. గుమ్మంలో ఉన్న పనిమనిషి నీలమ్మని కాఫీ తెమ్మని లోపలికి పంపేసింది. దేవకుమార్ నిలబడే చెప్పాడు. ఇంజన్ వెనక ఒక వైరు ఒరిసిపోయిందనీ, గట్టిగా తొక్కినప్పుడు బాడీకి తగిలి జోరు పడిపోతోందనీ, ఇప్పుడు బాగుచేశామనీ, ఎత్తు మీద పరుగెత్తించి చూసుకునే వస్తున్నాననీ.

ఆమె ముఖంలో అతను ఎదురుచూసిన తేలిక కనిపించలేదు.

"వైరు దానంతటది ఒరిసిందా, ఏదైనా తగిలి ఒరిసిందా?"

"పాత బండి కదండీ."

"ఆ రోజుకి అది పాత బండి కాదు." ఆమె చీర కొంగు వేళ్ళకి చుట్టుకుంటోంది. "దేవకుమార్, నేనొకటి అడుగుతాను, నిజం చెప్పు. ఆ పొద్దున మా సిద్ధాంతిగారు ఇచ్చిన రక్షరేకు ఒకటి, రాగిది, ప్రొడక్షన్ మేనేజర్ చేతికిచ్చి ఇంజన్‌కి కట్టించమన్నాను. నీకు తెలియకుండా కట్టమన్నాను. మా ఆయనకి కూడా చెప్పలేదు. బండి పడిందనగానే నాకు మొదట తట్టింది అదే. ఎవరినీ అడగలేకపోయాను. బండిని షెడ్డులో పెట్టి తాళం వేసింది సెంటిమెంటు కోసం కాదయ్యా, భయంతో. ఆ ఒరిపింది నా రేకేనా?"

 ఆ రేకు ఇంజన్‌లో లేదు. ఆ మేనేజర్ తన తిట్లకి భయపడి ఎక్కడ పారేశాడో, జేబులోనే పెట్టుకుపోయాడో. ఇప్పుడు తను తల ఊపితే చాలు. నోరు కూడా తెరవక్కర్లేదు. ఈమె పెద్దావిడ, ఈ అనుమానానికి అలవాటు పడిపోయిన మనిషి, మోసేస్తుంది. తన పేరు కడిగిన ముత్యమవుతుంది. ఇంట్లో ఫిలోమినాకి ఏమీ తెలియదు. పతకాన్ని హుస్సేన్‌సాగర్‌లో పడేసి పోతే కథ కంచికి పోతుంది.

తల ఊపబోయాడు కూడా. ఆమె చేతివైపు చూశాడు. కొంగు విప్పి మళ్ళీ వేళ్ళకి బిగించి చుట్టుకుంటోంది. నేనే చేశానా, నేనే చేశానా అని తను ఏడేళ్ళుగా పడుకుని అడుక్కున్న ప్రశ్ననే, ఇంత పెద్ద ఇంట్లో ఈమె కూడా పడుకుని అడుక్కుంటోంది. ఆ ప్రశ్న ఎంత నలిపేస్తుందో తెలిసినవాడు దాన్ని ఇంకొకరి నెత్తిన ఎలా పెడతాడు? ఒళ్ళు మండింది అతనికి, తన మీద తనకే.

జేబులోంచి తీసి టీపాయ్ మీద పెట్టాడు. తీగ ఇంకా దానికి చుట్టుకునే ఉంది.

"మీది కాదమ్మగారూ. మీ రేకు ఇంజన్‌కి ఎవరూ కట్టలేదు. ఇది మా ఇంట్లోది. ఫిలోమినాది."

జగదాంబగారు పతకాన్ని చూసింది. కళ్ళు మూసుకుంది. గుండెల మీంచి బరువు దిగిన మనిషి ముఖంలో వెంటనే ఇంకో బరువు ఎక్కడం దేవకుమార్ కళ్ళారా చూశాడు.

"ఆ అమ్మాయికి తెలుసా?"

"తెలియదు. తెలియకూడదండీ. నా పేరు ఎలా ఉన్నా పరవాలేదు. మీరు ఎవరికీ ఏమీ చెప్పొద్దు, వైరని కూడా చెప్పొద్దు. వైరంటే ఎందుకు ఒరిసిందని అడుగుతారు."

ఆమె సోఫాలోంచి లేచి నిలబడింది. "ఎంత పని చేశాను" అంది. "బండి బాగైందని పోచయ్య నీకన్నా ముందే ఫోన్ చేశాడు. నీ తప్పు లేదన్న మాట ముందుగా వినాల్సింది నీ ఇంటివాళ్ళే కదా అని కారు పంపించాను. ఇద్దరినీ తీసుకురమ్మన్నాను."

దేవకుమార్ వెనక్కి తిరిగేసరికి ఫిలోమినా గుమ్మం లోపల నిలబడి ఉంది. ఎంతసేపైందో తెలియదు. కాళ్ళకి చెప్పులు లేవు, బయట విడిచి వచ్చింది. అందుకే అడుగుల చప్పుడు వినిపించలేదు. అతను టీపాయ్‌కి అడ్డంగా జరగబోయాడు. ఆవిడ అతన్ని చేత్తో పక్కకు తప్పించి వంగి పతకాన్ని తీసుకుంది. కాసేపు వేళ్ళతో తడిమింది. ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు.

"ఏమండీ, మీ కాలు మీద నాకు అనుమానం ఉండేది" అంది. "నోటితో అనలేదంతే. నన్ను క్షమించండి."

"ఫిలో, అదంతా ఇప్పుడెందుకు."

"చెప్పనివ్వండి. ఇది నాదే. కానీ కట్టింది నేను కాదు. మీ షూటింగ్ దగ్గరికి నేనెప్పుడొచ్చానండీ? సీటు కింద పెడితే మీరు చూసి తిడతారని భయపడి, ఎక్కడైనా కనపడకుండా పెట్టమని ఆ పొద్దున వాడి చేతికిచ్చాను. వాడు లైట్ల దగ్గర తీగలతో కట్టే మనిషి. ఎక్కడ కట్టావని నేనూ అడగలేదు, వాడూ చెప్పలేదు." ఆమె పతకానికి చుట్టుకున్న తీగ మీద వేలు పెట్టింది. "మా శాంతరాజే కట్టాడండీ. మీకేమీ కాకూడదని."

 బయట మెట్ల మీద కర్రల చప్పుడు మొదలైంది. ఒక్కో మెట్టూ ఆగి ఆగి ఎక్కుతూ, డ్రైవర్ చేయి అందించబోతే వద్దని నవ్వుతూ వస్తున్నాడు శాంతరాజు. గుమ్మంలోకి వచ్చేసరికి ఆయాసపడుతున్నాడు, ముఖం మాత్రం పండగలా ఉంది.

"నేను మొదట్నించీ చెబుతూనే ఉన్నాను కదా బావా, బండిలోనే ఉందని" అన్నాడు. "ఏంటట అది? ఏం దొరికింది? ఏదీ, నాకూ చూపించండి."

ఫిలోమినా గుప్పిట బిగించింది.